ఇల్లూ, అమ్మా, దరఖాస్తూ

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దలు, ఇంటి అప్పు కోసం దరఖాస్తు పెట్టి చూడమని మాత్రం ఎక్కడా అనలేదు. ఆ రోజుల్లో దరఖాస్తు ఫారాలు లేవు కాబోలు. వుంటే ఆ సామెతకి మూడో ముక్క తప్పకుండా చేరి వుండేది.

నేనొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్ని. ఎం.ఏ. ప్యాసై ఇరవై యేళ్ళు దాటింది. పొద్దున్న తొమ్మిదిన్నరకు ప్రబంధ నాయికల మేడలూ, చంద్రశాలలూ, కేళీవనాలూ నోరూరేలా వర్ణించి, సాయంత్రానికి రెండు గదుల అద్దె ఇంటికి చేరుకునేవాణ్ణి. ఆ ఇంట్లో నేనూ, మా ఆవిడా, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయీ, మా అమ్మా. నాన్నగారు 2014లో పోయిన దగ్గరనుంచీ అమ్మ మా దగ్గరే వుంటున్నది. నేను చెప్పబోయేది 2018 నాటి సంగతి. అప్పుడు నా జీతం నెలకు 21,000 రూపాయలు, ఇంటద్దె 6,500. లెక్చరరంటే లక్ష రూపాయలు తెచ్చుకుంటాడని నమ్మే బంధువులు మాకు చాలామంది వున్నారు. వాళ్ళ నమ్మకాన్ని చెడగొట్టడం మా ఆవిడకు ఇష్టం లేదు గనుక, ఈ అంకెలు వాళ్ళ కంట పడకుండా వుండాలని ఆవిడ తరఫున కోరుకుంటున్నాను.

ఆ యేడు మా మునిసిపాలిటీ గోడమీద ఒక ప్రకటన అతికించారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన అని 2015 జూన్ 25న మొదలైన పథకం కింద పట్టణాల్లో సొంత ఇల్లు లేనివారికి మూడంతస్తుల పైచిలుకు భవనాల్లో ఇళ్ళు కట్టి ఇస్తారట. మా వైపు జనం వాటిని టిడ్కో ఇళ్ళంటారు. మూడు కొలతలు: 300 చదరపు అడుగులు, 365, 430. మేము నలుగురం గనుక మా కన్ను 430 మీద పడింది. అందులో కేంద్రం 1,50,000, రాష్ట్రం 1,50,000 భరిస్తాయి. మన వాటా లక్ష రూపాయలు, విడతలుగా కట్టుకోవచ్చు. మిగతా 3,65,000 బ్యాంకు అప్పు. దాన్ని మునిసిపాలిటీవారే బ్యాంకుతో మాట్లాడి ఇప్పిస్తారు. ఇరవై యేళ్ళలో తీర్చుకోవాలి. నేను లెక్క కట్టి చూశాను. నెలకు మూడువేల పైచిలుకు వాయిదా. అద్దెలో సగం! ఆ రాత్రి మా ఆవిడా నేనూ ఆ కాగితాన్ని దీపం ఆర్పేముందు మూడుసార్లు చదువుకున్నాం.

ప్రభుత్వం పూచీమీద అప్పులిచ్చి ఇళ్ళు కట్టించడం కొత్త సంగతేమీ కాదు. 1954లోనే భారత ప్రభుత్వం తక్కువ రాబడి గలవారికోసం ఒక గృహ నిర్మాణ పథకం పెట్టింది. ఏడాదికి 6,000 రూపాయలు మించని ఆదాయం వున్నవారికి ఇంటి ఖర్చులో నూటికి ఎనభై పాళ్ళు, 8,000 రూపాయలకు మించకుండా, అప్పు ఇచ్చేవారు. బడిపంతులైన మా తాతగారు అప్పట్లో ఆ కాగితాలు తెచ్చుకున్నారట. "సర్కారు బాకీ మన తరంలో తీరకపోతే పిల్లల మెడకు చుట్టుకుంటుంది" అని మా మామ్మ వాటిని కందిపప్పు డబ్బా అడుగున పరిచిందట. మా వంశంలో మొట్టమొదటి దరఖాస్తు ఆ విధంగా పప్పులోకి పోయింది. రెండోది నాది.

దరఖాస్తుకు మొదట కావలసింది ఆదాయ ధ్రువీకరణ పత్రం. ఏడాదికి మూడు లక్షలు మించని కుటుంబాన్ని "ఆర్థికంగా బలహీన వర్గం" అంటుంది ఈ పథకం. పన్నెండు ఇరవైయొక్కలు 2,52,000. అంటే నేను నిక్షేపంగా బలహీనుణ్ణి. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదని నాకు నేను చెప్పుకుంటూనే మీసేవ కేంద్రానికి వెళ్ళాను. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు నన్ను చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు. నాలుగేళ్ళ కిందట మా కాలేజీలో చదివినవాడు. నాకు కుర్చీ వేసి, టీ తెప్పించి, వివరాలన్నీ టైపు చేసుకుంటూ ఒక గడి దగ్గర ఆగిపోయాడు.

"నెలకు ఎంత వెయ్యమంటారు మాస్టారూ?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"ఎంత వస్తే అంత వెయ్యి" అన్నాను. చెప్పాను. వాడు తల ఎత్తకుండా కొట్టాడు. వాడి జీతం నాకంటే ఎక్కువో తక్కువో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. టీ డబ్బులు మాత్రం ఎంత బతిమాలినా పుచ్చుకోలేదు. కాగితం వి.ఆర్.ఓ. దగ్గరకూ, అక్కణ్ణుంచి తహసీల్దారు సంతకానికీ వెళ్ళి పదిహేను రోజుల్లో చేతికి వచ్చింది.

రెండోది ప్రమాణ పత్రం. స్టాంపు కాగితం మీద నోటరీ ఎదుట సంతకం చెయ్యాలి: "నాకు గాని నా కుటుంబ సభ్యులకు గాని భారతదేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేదు" అని. తెలుగు మాస్టారి దృష్టి ముందు మాటల మీద పడుతుంది. అది మా వృత్తిరోగం. "పక్కా" హిందీనుంచి వచ్చిన మాట. దాని మూలం "పక్వం". ఉడికింది, పండింది, కాలింది అని అర్థం. కాల్చిన ఇటుకతో కట్టింది పక్కా ఇల్లు. పచ్చిమట్టితో పెట్టింది కచ్చా ఇల్లు. ఆ వాక్యంలో "పక్కా"తో నాకు పేచీ లేదు. పేచీ అంతా "కుటుంబం" దగ్గర వచ్చింది.

ఎందుకో చెప్పాలంటే మా ఊరి ఇంటి సంగతి చెప్పాలి. ఇక్కడికి అరవై కిలోమీటర్ల దూరంలో మా పల్లెటూళ్ళో ఆరు సెంట్ల స్థలం, అందులో రెండు గదుల డాబా, ముందు వరండా, పెరట్లో నుయ్యి, నూతి పక్కన ఒక కరివేపాకు చెట్టూ వున్నాయి. నాన్నగారు 1984లో కట్టారు. కాని స్థలం, అమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన డబ్బుతో కొన్నది గనుక, దస్తావేజు అమ్మ పేరనే వుంది. నాన్నగారు పోయాక తాళం వేసి వచ్చేశాం. సంక్రాంతికి ముందు అమ్మ వెళ్ళి సున్నం వేయించి వస్తుంది.

దాన్ని అమ్మేసి ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు గదా అనే పాఠకులుంటారు. మా తోడల్లుడు కూడా ఆ మాటే అన్నాడు. అమ్మ ఎదుట మాత్రం అనలేదు.

అమ్మ ఉద్దేశం వేరు. డెబ్బై దాటిన దగ్గరనుంచీ ఆవిడకు ఒకటే ధ్యాస: తను పోయేలోగా ఆ ఇల్లు నా పేర రాసెయ్యాలి. అక్కయ్యకు బంగారం పెట్టి పెళ్ళి చేశాం, ఇల్లు కొడుక్కి అన్నది ఆవిడ లెక్క. ఆ ఇల్లు అచ్చంగా ఆవిడది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆడమనిషికి వున్న ఆస్తి మీద ఆవిడకే సర్వహక్కులూ. ఎవరికి రాస్తే వారికి చెల్లుతుంది. ఆ కార్తీకమాసంలో మంచిరోజు చూసుకుని, ఊళ్ళో దస్తావేజులు రాసే ఆయనతో మాట్లాడి, నాకు చెప్పింది: "పౌర్ణమి వెళ్ళిన గురువారం సెలవు పెట్టుకోరా. రిజిస్ట్రారాఫీసుకు వెళదాం."

దరఖాస్తు ఇవ్వవలసిన గడువు ఆ మరుసటి సోమవారం.

"అమ్మా, ఇప్పుడొద్దే" అన్నాను.

"ఏం?"

చెప్పాను. గురువారం నాడు ఇల్లు నా పేర పడితే, సోమవారం నాడు నాకు దేశంలో ఎక్కడా ఇల్లు లేదని ప్రమాణం చెయ్యడానికి వీల్లేదు. ఇల్లు వున్నవాడికి ఈ అప్పు రాదు. ఆ డాబాలో కాపురం వుండి, పొద్దున్న తొమ్మిదిన్నరకు ఇక్కడ కాలేజీలో వుండలేను. పిల్ల చదువు ఇక్కడ. అమ్మ అంతా విన్నది. విని, "ఇచ్చేదాన్ని వద్దంటావేరా?" అన్నది. "మీ నాన్న ఎండలో నిలబడి కట్టించిన ఇల్లు పనికి రాదూ, మునిసిపాలిటీవాడు ఇచ్చే అగ్గిపెట్టె కావాలి!"

నిజానికి అగ్గిపెట్టె అన్నమాట అన్యాయమేమీ కాదు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. మాకు వచ్చే ఇల్లు 430. అంటే సెంటుకు కూడా ఐదున్నర అడుగులు తక్కువ. ఆరు సెంట్ల మనిషికి అది అగ్గిపెట్టెలా కాక మరెలా కనిపిస్తుంది?

నాలుగు రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. మా అమ్మాయిని మధ్యవర్తిగా పెట్టుకుని, "మీ నాన్నని చారు పోసుకోమను" అని కబురు చేసేది, నేను ఎదురుగా పీటమీదే కూర్చుని వుండగా. కొడుక్కి ఇల్లివ్వాలని యేళ్ళ తరబడి కూడబెట్టుకున్న కోరిక అది. తల్లి చేయి చాచి ఇస్తూ వుంటే కొడుకు చేతులు వెనక్కి కట్టుకు నిలబడ్డాడు. ఏ చట్టం పేరు చెప్పినా ఆవిడకు కనిపించింది అంతవరకే.

స్టాఫ్ రూములో ఈ గొడవ చెప్పుకుంటే మా కామర్స్ లెక్చరరు తేలిగ్గా నవ్వేశాడు. "దస్తావేజు సంగతి తరవాత. అసలు మీ అమ్మగారు మీ దగ్గరున్నట్టు తెలిస్తేనే చిక్కు. ఆవిడకు డాబా వుంది గదా! ఊళ్ళోనే వుంటున్నట్టు రాసెయ్యండి. ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాడు. ఆయన సదుద్దేశంతోనే అన్నాడు. ఆ గదిలో వున్న నలుగురూ అదే సబబన్నారు. కాని, రోజూ తెల్లవారగానే నాకంటే ముందు లేచి, కాఫీ డికాక్షను వేసి, నా ఎదుట కూర్చుని పేపరు చదివించుకునే మనిషి మా ఇంట్లో లేదని రాయడానికి నాకు కలం సాగలేదు. ఇల్లు రాకపోతే రాకపోయె, ఆ ముక్క మాత్రం రాయనని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ, "నేను రాయమన్నానా?" అన్నది.

ఆదివారం రాత్రి ఫారం నింపడానికి కూర్చున్నాం. దస్తూరి మా అమ్మాయిది, చక్కగా రాస్తుంది. కుటుంబ సభ్యుల పేర్లు రాసే చోట ఆగి, "మామ్మ పేరు రాయాలా నాన్నా?" అన్నది. నేను జవాబు చెప్పేలోగా తనే కింద అచ్చువేసిన సూచనలు చదివేసింది. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. అంతే. అత్తలేదు, మామలేడు, అమ్మ లేదు, నాన్న లేడు.

వాకిట్లో తులసికోట దగ్గర కూర్చున్న అమ్మకు ఆ మాటలు వినిపించాయి. లేచి లోపలికి వచ్చింది.

"మళ్ళీ చదువు" అన్నది మనవరాలితో. పిల్ల చదివింది.

"అయితే నేను మీ కుటుంబం కాదన్నమాట."

నాలుగు రోజుల తరవాత నాతో అన్న మొదటి మాట అది. నేను కంగారుగా వివరించబోయాను. "అమ్మా, అదే మనకు మంచిది. నువ్వు ఈ లెక్కలో వుంటే నీ డాబా మా డాబా అవుతుంది, అప్పు రాదు. లేవు గనుకనే వస్తుంది. నువ్విక్కడ వుంటున్నావని దాచవలసిన పని కూడా లేదు" అన్నాను. నా వాదంలో తప్పు లేదు. కాని బయటికి వచ్చాక నా చెవులకే ఏదోలా వినిపించింది. అమ్మను లెక్కలోంచి తీసేసినందుకు సంతోషించమని అమ్మకే చెబుతున్నాను! సంస్కృతంలో "కుటుంబిని" అంటే ఇల్లాలు, సంసారం నడిపే మనిషి. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ మా ఇంట్లో ఆ మాటకు అర్థం అమ్మే. ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల బాల్‌పెన్ను పట్టుకుని ఆ అర్థం మార్చేసింది.

అమ్మ ఇంకేమీ అనలేదు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, "నేనూ వస్తాను మునిసిపాలిటీకి" అన్నది.

ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మునిసిపల్ ఆఫీసు వరండాలో అప్పటికే నూరు మందికి పైగా వున్నారు. ఆటో తోలేవాళ్ళు, కుట్టుమిషనువాళ్ళు, ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకావిడ, ఇళ్ళలో పాచిపని చేసుకునేవాళ్ళు, వెనకాల నేను, నా ఎం.ఏ. అందరి చేతుల్లోనూ ఒకే రకం ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కాపీలు, ఫొటోలు, కమిషనరుగారి పేర తీసిన డిమాండ్ డ్రాఫ్టు. మొదటి విడత 25,000కి మా ఆవిడ గాజులు రెండూ తాకట్టుకు వెళ్ళాయి. ఇడ్లీ బండి ఆవిడ తన కాగితాలు నాకిచ్చి అన్నీ సరిగా వున్నాయో లేదో చూడమన్నది. చూసి, ఒకచోట సంతకం మరిచిపోతే చేయించాను. ఆ వరుసలో నా చదువు పనికి వచ్చింది అంతవరకే.

మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. గుమాస్తాగారు నలభై యేళ్ళ మనిషి; కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని మా కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. తరవాత కంప్యూటరులో ఏదో చూశాడు. 2016లో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్న ప్రజాసాధికార సర్వే సంగతి మీకు గుర్తుండే వుంటుంది. అందులో మా ఇంట్లో నలుగురని వుంది. ఫారంలో ముగ్గురం.

"ఈ నాలుగో ఆవిడ ఎవరండీ మాస్టారూ?"

"మా అమ్మ. ఇదుగో, ఈవిడే."

"మీ దగ్గరే వుంటారా?"

"మా దగ్గరే."

"ఆవిడ పేర ఏమన్నా..."

నేను నోరు తెరిచేలోగా అమ్మ ముందుకు వచ్చింది. "వుంది నాయనా. రెండు గదుల డాబా. ఆరు సెంట్ల స్థలం. దస్తావేజు నా పేరనే వుంది. మావాడి పేర రాస్తానంటే వద్దన్నాడు" అన్నది, వరండా చివరదాకా వినపడేలా.

మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక వరుసలో వాళ్ళు మాటలు ఆపేశారు. పాపం, ఆయన కూడా కలం బల్లమీద పెట్టి మా ముగ్గురివంకా చూశాడు. అంత పబ్లిగ్గా ఎవరూ తమ ఆస్తి ఆ బల్లముందు చెప్పుకుని వుండరు.

ఆయన అప్పుడే ఫారం పక్కకు తోసేసి, "తరవాత" అని పిలిచి వుండవచ్చు. వెనక అంతమంది వున్నారు. కాని తోసెయ్యలేదు. సొరుగులోంచి పిన్నులు కొట్టిన ఒక కట్ట తీసి, పేజీలు తిప్పి, ఒకచోట వేలు పెట్టి చదివి, లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు. పది నిమిషాలు రాలేదు. అమ్మ అక్కడే బల్లమీద కూర్చుని ఇడ్లీ బండి ఆవిడను పప్పు ఎంతసేపు నానబెడతావని అడుగుతున్నది. నాకు మాత్రం ఆ పది నిమిషాల్లోనూ గాజులూ, అద్దే, వాయిదాలూ, గురువారం నాటి దస్తావేజూ అన్నీ కలిసి తల తిరిగింది.

ఆయన తిరిగి వచ్చి మాతో కాదు, అమ్మతో చెప్పాడు. "మామ్మగారూ, మీ ఇల్లు మీదే. మీ అబ్బాయిగారి దరఖాస్తుకు దాంతో పనిలేదు. కొడుక్కి పెళ్ళయితే ఆయనా, భార్యా, పిల్లలూ ఒక కుటుంబం. తల్లిగారి ఆస్తి ఇందులో కలపకూడదు."

"మరి నేను ఎవరి లెక్కలో వుంటాను నాయనా?"

ఆయన ఒక్క క్షణం తడుముకున్నాడు. "మీరు విడిగా ఒక కుటుంబమండీ. మీరొక్కరే" అన్నాడు.

తిరిగి వస్తూ ఆటోలో అమ్మ చాలాసేపు బజారు వంక చూస్తూ కూర్చుంది. నేను ఏదో సర్దిచెప్పాలని మాటలు వెతుక్కుంటున్నాను. సందు మలుపు తిరిగేసరికి ఆవిడ ఫక్కున నవ్వింది. "ఒక్కదాన్నే ఒక కుటుంబమట! విన్నావుటే?" అన్నది కోడలితో. ఆ సాయంత్రానికి మా వీధి వీధంతా ఆ సంగతి తెలిసింది. పాలవాడితో సహా. ఆ నవ్వులో బాధ ఎంత వున్నదో, గొప్ప ఎంత వున్నదో నేను తేల్చలేను.

గురువారం రిజిస్ట్రారాఫీసు ప్రయాణం ఆగిపోయింది. మొదట నా మీద కోపంతో ఆపిందేమో అనుకున్నాను. నెల తరవాత అక్కయ్య వచ్చినప్పుడు ఆ మాట ఎత్తితే, అమ్మ దోసకాయ తరుగుతూ, తల ఎత్తకుండా, "నేను వుండగా ఎవరికీ రాయను. విడిగా ఒక కుటుంబాన్ని కదా, నాకూ ఒక ఇల్లుండొద్దూ?" అన్నది. అక్కయ్య నా వంక చూసింది. నేను దోసకాయ చేదుగా వుందేమో చూశాను.

తరవాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. లాటరీలో మాకు రెండో అంతస్తు వచ్చింది. ఈ పథకంలో ఇల్లు కుటుంబంలోని ఆడవారి పేర గాని, భార్యాభర్తలిద్దరి పేర గాని వుండాలి. మావాళ్ళు మా ఆవిడ పేరనే ఇచ్చారు. అంచేత బ్యాంకులో కుర్చీ ఆవిడకు వేశారు. ఇరవై చోట్లకు పైగా సంతకాలు పెట్టింది. పెళ్ళినాటి రిజిస్టరు తరవాత అన్ని సంతకాలు మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదన్నది. నాకు "సహ రుణగ్రహీత" అన్న బిరుదు దక్కింది. మాట బాగానే వుంది, కొంచెం పాతకాలపు కావ్యంలో విదూషకుడిలాగ. తాళం చెవులు 2022లో చేతికి వచ్చాయి.

మా తరవాత లెక్కలు కొన్ని మారాయి. కొత్తగా దరఖాస్తు పెట్టేవారు నా అంకెలు పట్టుకుని వెళ్ళవద్దు. ఆ పథకమే రెండో విడతగా 2024 సెప్టెంబరు 1 నుంచి నడుస్తున్నది. మూడు లక్షల హద్దు బలహీన వర్గానికి అలాగే వుంది. దానికి పైన తొమ్మిది లక్షల దాకా రాబడి వున్న మధ్యతరగతివారికి కూడా ఒక మేలు పెట్టారు: 35 లక్షలకు మించని ఇంటికోసం 25 లక్షల లోపు అప్పు తీసుకుంటే, మొదటి ఎనిమిది లక్షల మీద నూటికి నాలుగు వంతున వడ్డీ రాయితీ, మొత్తం మీద 1,80,000కి మించకుండా అయిదు వార్షిక వాయిదాల్లో ఇస్తారు. వెనకటి ఇరవై యేళ్ళలో ఏ ప్రభుత్వ పథకంలోనూ ఇల్లు పొంది వుండకూడదు. కుటుంబం అన్న మాటకు అర్థం మాత్రం మారలేదు: భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళుంటే, ఫారం వాళ్ళ ఎదుట బిగ్గరగా చదవకుండా వుండడం మంచిదో, చదవడమే మంచిదో మీరే ఆలోచించుకోండి.

కొత్తింట్లో దిగిన రోజున అమ్మ పాలు పొంగించి, రెండు గదులూ ఎనిమిది అంగల్లో చుట్టి వచ్చి, ఊళ్ళో వున్న తన ఇత్తడి గంగాళం ఎక్కడ పెట్టాలని అడిగింది. ఎక్కడా పట్టదని తేలింది. "పోనీలే, దాని చోటు దానికుంది" అన్నది. తరవాత కాగితాలు తెప్పించుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కోడలి పేరున్న చోట వేలు పెట్టి చూసింది.

"బాగుంది. నాది నా పేర, దానిది దాని పేర. మరి నీకేం వుందిరా?"

"నెలకు మూడువేల పైచిలుకు వాయిదా వుందమ్మా" అన్నాను.

"ఐదో తారీఖు దాటనియ్యకు" అన్నది.

ఇంతవరకు దాటలేదు. సంక్రాంతికి సున్నం వేయించడానికి ఊరు వెళతానంటున్నది. ఈ యేడు మనవరాలిని కూడా వెంట తీసుకువెళుతుందట. బస్సు టిక్కెట్లు ఇంకా తియ్యలేదు. ఈ వ్యాసం పోస్టులో వేసి అటునుంచి అటే బస్టాండుకు వెళ్ళాలి.